నాలుగు సెకన్లాగి ఆయ్

"వినబడుతోందా?" అని తెర మీద గంగాధర్ అడిగాడు.

"ఆయ్!" అన్నారు పన్నెండు మంది, ఒకరి తర్వాత ఒకరు. అమలాపురం వైపు అవునండీ అన్నా, సరేనండీ అన్నా ఆ ఒక్క మాటే.

ఆ ఆయ్‌లన్నీ హైదరాబాద్ దాకా వెళ్లి, స్పీకర్లోంచి తిరిగొచ్చాయి. ఎవరో పిలుస్తున్నారనుకున్నారు. మర్యాదస్తులు కదా, వాటికీ ఆయ్ అన్నారు.

2007 మే నెల. అమలాపురంలో ఒక కాలేజీ గది. చుట్టుపక్కల హైస్కూళ్లలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్లకి, వాళ్ల కంపెనీ హైదరాబాద్ ఆఫీసు నుంచి గంగాధర్ చేత వీడియో కాన్ఫరెన్సులో మూడు రోజుల ట్రైనింగు ఇప్పిస్తోంది. ట్రైనింగు ఎవరిక్కావాలి? జూన్‌లో కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా, అదీ అందరి బెంగ.

సాయంత్రానికి గంగాధర్ విసిగిపోయాడు.

"సౌండ్ రాలేదు, బొమ్మ ఆగిపోయింది... ఇలా సాకులు చెప్పే సెంటర్ మాకొద్దు. జూన్‌లో అవన్నీ చూస్తాం."



మర్నాడు ఆ పన్నెండు మందిలో ఒకరైన, నగరం అనే పల్లె నుంచి వచ్చే షైనీ పెత్తనం తీసుకుంది. మైకుని స్పీకర్‌కి దూరంగా జరిపింది. ఫ్యాను కూడా ఆపించింది. చొక్కాలు తడిసి ఒంటికి అతుక్కుపోయినా ఎవరూ కిక్కురుమనలేదు.

"బొమ్మ ముందొస్తోందండి, మాట నాలుగు సెకన్లు వెనకాలొస్తోంది. ఆయన పెదాలు ఆగాక నాలుగు లెక్కపెట్టి నేను వేలెత్తుతాను. అప్పుడు అందరూ ఒక్కసారే అనండి."

"ఆయ్," అన్నారందరూ.

"ఇప్పుడు కాదండీ బాబూ!"

పని చేసింది. రెండో రోజు గంగాధర్ మొదటిసారి నవ్వాడు. అమలాపురం అంత బాగా ఇంకే సెంటరూ లేదన్నాడు. షైనీ కాళ్లు నేల మీద ఆనలేదు.

మూడో రోజు, ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా, అవతల్నించి వచ్చే సౌండు పూర్తిగా పోయింది. బొమ్మ మాత్రం ఉంది. గంగాధర్ ఒక కాగితం తీసి చదివాడు. కళ్లజోడు తీసి, వీళ్లని ఏదో అడిగాడు.

పి.గన్నవరం ముత్యాలరాజు షైనీ వైపు వంగాడు.

"మేడంగారండీ, ఒక్క ముక్క వినబళ్లేదండి. చెప్పేద్దామండీ."

"ఇంత మంచి పేరు తెచ్చుకుని ఇప్పుడాండీ? మరి జూన్‌లో మీ ఇష్టం."

ముత్యాలరాజుకి నలభై ఆరేళ్లు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? నోరు మూసుకుని ఆమె వేలి వైపు చూశాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. వేలు లేచింది.

"ఆయ్!"

గంగాధర్ ఉలిక్కిపడ్డాడు. ముందుకు వంగాడు. చేత్తో గదినంతా చుట్టి చూపిస్తూ మళ్లీ అడిగాడు.

వేలు మళ్లీ లేచింది.

"ఆయ్!" ఈసారి కిటికీ అద్దాలు కూడా అదిరాయి.

గంగాధర్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం అందరూ చూశారు.

"మనమంటే ఎంత అభిమానమోనండీ!" అన్నాడు ముత్యాలరాజు. బస్టాండు దగ్గర అందరికీ కొబ్బరి బొండాలు తనే కొట్టించాడు. "మీ వేలికి దండం పెట్టాలండి మేడంగారూ. మా ఉద్యోగాలు నిలబెట్టేరు."

షైనీ సిగ్గుపడింది. ఆ రోజంతా ఆమె ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉంది.

నెలాఖరున పన్నెండు మందికీ కంపెనీ నుంచి ఒకే ఉత్తరం వచ్చింది.

"జూన్ నుంచి సగం మందిని తగ్గించక తప్పడం లేదు, ఎవరైనా తమంతట తాము తప్పుకుంటారా అని మా గంగాధర్ గారు రెండుసార్లు అడిగినప్పుడు, పన్నెండు మందీ ఒకే గొంతుతో ఒప్పుకున్న మీ పెద్ద మనసుకు మా కృతజ్ఞతలు."