కిటికీ పక్క సీటు

"మధ్యలో ఎక్కడా దిగక్కర్లేని టికెట్లే కావాలండీ," అన్నాడు గౌరీశంకరం.

అమలాపురంలో విమానం టికెట్లు అమ్మే వరప్రసాదం తల గోక్కున్నాడు. "దుబాయ్‌లో దిగి మారితే చవకండి, మేష్టారూ. కాస్త కాళ్లు కూడా సాగుతాయి."

"మా ఆవిడకి దిగడం, ఎక్కడం అంటే పడదు. ఢిల్లీలో ఎక్కితే మళ్లీ రోములోనే దిగాలి."

"ఆయ్, అలాగేనండీ. మరి సీట్లు?"

"ఆవిడకి కిటికీ పక్కది. ఇవతల నేను కూర్చుంటాను."

వరప్రసాదం ముచ్చటపడ్డాడు. భార్యల్ని ఒంటరిగా గల్ఫ్ విమానం ఎక్కించే మొగుళ్లనే చూసిన కళ్లు అవి.

సుందరికి రోము పిచ్చి కాలేజీ నాటిది. బి.ఏ. హిస్టరీ పుస్తకంలోని కొలోసియం బొమ్మ కత్తిరించి, పెళ్లినాటి ట్రంకుపెట్టెలో దాచుకుంది. వెళ్దామండీ అని ఏటా అడిగేది. ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఒక ఏడు తుఫానొచ్చి రాజోలు తోటలో సగం చెట్లు కూల్చేసింది. ఆ కొబ్బరితోట ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది. ఇప్పటికీ ఆమె చెప్పందే కాయల దింపు తియ్యరు.

ఈసారి మాత్రం ఆమె అడక్కుండానే గౌరీశంకరం "వెళ్దాం" అన్నాడు.

తీరా టికెట్లు చేతికొచ్చాక ఆమెకే భయం పట్టుకుంది.

"అన్ని గంటలు ఎలా కూర్చుంటానండీ? పేరంటానికెళ్తేనే కుదురుగా కూర్చోలేను."

"ఎక్కగానే నిద్రమాత్ర ఇస్తాను. కళ్లు తెరిచేసరికి రోము."

"మరి మధ్యలో బాత్రూమంటే? అందర్నీ దాటుకుని..."

"ముందురోజు నుంచే నీళ్లు తగ్గించెయ్. లేవాల్సిన పనే ఉండదు."

అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది. మెడ కింద పెట్టుకోడానికి మెత్తటి దిండు కొన్నాడు. చలికి శాలువా కొన్నాడు. ఆమెకి నచ్చిన రంగు దొరికేదాకా మూడు కొట్లు తిరిగాడు.

పక్కింటి బుల్లెమ్మగారు ప్రయాణానికని చేగోడీలు తెచ్చింది. మంచం మీద చాపుకున్న సుందరి ఎడమకాలు వైపు చూసింది.

"ఇంకా వాపు తగ్గలేదేంటే?"

"బోదకాలేనట పిన్నిగారూ. మొన్నామధ్య ఈయన కాకినాడ తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించేరు. భయం లేదన్నారట."

"మన కోనసీమలో దోమ కుట్టని కాలేదిలే! అయినా మొగుడంటే ఇలా ఉండాలి. మీ బాబయ్యగారు సఖినేటిపల్లి రేవులో నన్ను గోదావరి దాటే పంటు ఎక్కించి, నర్సాపురంలో నన్ను మర్చిపోయి దిగి వెళ్లిపోయేరు. నువ్వేం నోము నోచేవే తల్లీ!"

సుందరి పగలబడి నవ్వింది. గౌరీశంకరం వినబడనట్టు పెట్టెకి తాళం వేశాడు.

బయల్దేరిన రోజు కారులో ఆమె కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు. రావులపాలెం వంతెన మీద గోదావరి కనబడగానే ఆమె అలవాటుగా దణ్ణం పెట్టుకుంది. గాలి చల్లగా తగిలింది.

"ఏమండీ, కాకినాడలో డాక్టరుగారు నన్ను బయట కూర్చోబెట్టి మీతో ఒక్కరితోనే మాట్లాడేరు కదా. ఇంకా ఏమన్నారు?"

"నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నారు."

ఆమె తృప్తిగా కళ్లు మూసుకుంది.

డాక్టరుగారు అన్నది, "అది బోదకాలు కాదండీ, కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, నీళ్లు బాగా తాగించండి, నడిపిస్తూ ఉండండి, గంటల తరబడి ఒకేచోట కదలకుండా కూర్చోనిచ్చారంటే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకెక్కి ప్రాణం తీస్తుంది" అని. గౌరీశంకరం "రోము వెళ్దాం" అన్నది ఆ సాయంత్రమే.