నిలువు దాటిన రెక్క

అందరూ వదిలేసిన పాత గాలిమరను బాగుచేయడమే వీబె వ్యసనం. ఆ సాయంత్రం పని ముగించి, రెక్కలను ఇంటూ గుర్తులా నిలిపి, గొలుసుతో బిగించాడు. సైకిలెక్కబోతూ వెనక్కి చూశాడు. ఆకైనా కదలని వెన్నెల్లో పై రెక్క నిట్టనిలువు దాటి కాస్త ఒరిగి ఉంది. మర నడిపేవాడింట చావు జరిగితేనే ఆ ఊళ్లో రెక్కలను అలా నిలుపుతారు.

గొలుసు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. పాత చోటికి తిప్పబోతే రెక్క కదల్లేదు.

కాలువ అవతల ఉన్న తన ఇంటికి ఫోన్ చేశాడు.

"హిస్కె, బాగానే ఉన్నావా?"

"నాకేం? వంటింట్లో బఠాణీ సూపు వెచ్చబెడుతున్నా. నీ రెండో పెళ్లాం, ఆ గాలిమర, వదిలితే వచ్చి తిను," అంది భార్య.

వీబెకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఊళ్లో ఒక్కో కిటికీకీ తెర పడసాగింది. రెక్కను చూసి ఇరుగుపొరుగు సంతాపం పాటిస్తున్నారు. ఆఖరున అతని ఇంటి మేడ మీద కూడా తెర మెల్లగా మూసుకుంది.

"హిస్కె, పైన ఎవరున్నారు?"

"ఎవరుంటారు, నేనొక్కదాన్నేగా. ఉండు, ఎవరో మెట్లు దిగుతున్నారు."

వంతెన చాలా దూరం. వీబె ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"వచ్చేశావా, వీబె?" అంది హిస్కె.

ఆ మాట ఫోన్‌లోకి అన్నది కాదు.