మలుపు తిరిగినాక

ఆదినారాయణ జమ్మలమడుగు బస్టాండులో కుప్పకూలి చనిపోయిన రోజున, ప్రొద్దుటూరులో ఆయన ఇంటికి చేరిన చుట్టాలంతా ఒకటే మాట అన్నారు.

“బయల్దేరేటోన్ని ఎవరో ఎనక నుంచి యాడికని అడిగింటారు.”

అందరూ ఆయన భార్య వనజమ్మ వైపు చూశారు. ఆమె కాదనలేదు. ఆయన చేతిసంచిలో అర కిలో కారాబూందీ, ఒక కొత్త తువ్వాలు ఉన్నాయి. ఎవరింటికి తీసుకుపోతున్నాడో ఎవరికీ తెలియలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. గోడ అలమరలో ఆయన బటన్ల ఫోను అలాగే ఉంది. వనజమ్మ వారానికోసారి దానికి చార్జింగు పెడుతుంది. ఎందుకని కోడలు మాధవి ఎప్పుడూ అడగలేదు.

ఆ ఉదయం వనజమ్మ కొడుకు వివేక్ కలమల్ల కరెంటు ప్లాంటులో డ్యూటీకి బయల్దేరాడు. అన్నం క్యారియరు బల్లమీదే ఉండిపోయింది. మాధవి నోరు తెరవబోతే అత్త వేలు చూపించి ఆపింది. కొడుకు బండి సందు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు ఫోను చేసింది.

“నాయనా, క్యారియరు ఈడనే ఉండాది.”

వివేక్ గొణుక్కుంటూ వెనక్కొచ్చాడు. “గడపలో ఉన్నప్పుడే చెప్తే ఏం పోతాదమ్మా?”

“పొయ్యేటోన్ని గడప మీద నిలబెట్టి ఏమీ అడగరాదు, చెప్పరాదు. మలుపు తిరిగినాక ఏమన్నా అడగొచ్చు.”

ఆ రోజు నోరు జారినందుకే ఇప్పుడింత జాగ్రత్త అనుకుంది మాధవి.

ఆమె తిప్పలు ఆమెకున్నాయి. బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పని చేస్తుంది. బల్లమీది పెద్ద కంప్యూటరులో, ఉత్త సాఫ్ట్‌వేరుతో కట్టిన మరో కంప్యూటరు నడవాలి. లోపలిది మొదలుపెట్టిన నిమిషానికే బయటిది పడిపోతోంది. శనివారంలోగా బాగుచేయకపోతే మిషను తీసుకుని బెంగళూరు వచ్చి, అయ్యేదాకా అక్కడే ఉండమన్నారు. వివేక్ షిఫ్టులకు పోతే అత్త ఇంట్లో ఒక్కతే అవుతుంది. ఇవాళ శుక్రవారం.

స్పీకరులో నయీం గొంతు పలికింది. అదే కంపెనీ పని అతను పులివెందుల నుంచి చేస్తాడు.

“ఇంగోసారి పడిందా అక్కా?”

“ఆరోసారి.”

“పడేముందు ఏమన్నా రాసిందా?”

“ఒక్క ముక్క ల్యా. చెప్పకుండానే పాయె.”

“దీనికన్నా నన్ను చూసిపోయిన పెండ్లివాళ్లు మేలు. ఫోన్ చేసి చెప్తామని అనన్నా అన్నారు.”

చాటలో శెనక్కాయలు ఒలుస్తున్న వనజమ్మ తలెత్తింది. “ఏంది మాధవీ దాని రోగం?”

“కెర్నల్లో, అంటే మిషన్ను నడిపే మూల ప్రోగ్రాములో, అడుగడుగునా కాపలా పెట్టినామత్తా. ఎవరొచ్చినా యాడికి పోతాండావు, ఏం ముట్టుకుంటాండావు అని అడిగి రాసుకుంటాది. తప్పులు పట్టేదానికి. కాపలా తీసేస్తే పడదు, పెడితే పడతాది.”

“యాడ పడతాండాది?”

“లోపలి మిషన్లోంచి బయటి దాంట్లోకి వచ్చే చోట.”

“ఆడ గూడా అడుగుతాండారా?”

“అన్ని చోట్లా అడుగుతాది.”

వనజమ్మ చాట కింద పెట్టింది. “గడప మీద అడిగితే పడక ఏమైతాది?”

స్పీకరులో నయీం కీబోర్డు టకటకలాడింది. తర్వాత అతను అన్నాడు.

“అక్కా, పెద్దమ్మ చెప్పేది నిజమే. ఆ చోట బయటి మిషను తన సామాన్లు ఇంకా చేతికి తీసుకోలేదు. కాపలావోడు రాసుకునే పుస్తకం గూడా ఆ సామాన్లలోనే కదా ఉండేది. లేని పుస్తకం కోసం చెయ్యి చాపి పడతాండాడు.”

మాధవి ఆ గడప దగ్గరున్న రెండు ఫంక్షన్లకు, అంటే ప్రోగ్రాము ముక్కలకు, కాపలా వద్దని గుర్తు పెట్టింది. సామాన్లన్నీ వచ్చాకే అడిగేటట్టు మార్చి, కెర్నల్ మళ్లీ కట్టి, లోపలి మిషను నడిపించింది. నిమిషం దాటింది. పది దాటాయి. శెనక్కాయలు ఒలవడం పూర్తయినా అది నడుస్తూనే ఉంది.

“పెద్దమ్మను మా టీములోకి పంపు అక్కా,” అన్నాడు నయీం.

“పులివెందులకు రానప్పా, ఈన్నించే చేస్తా,” అంది వనజమ్మ.

మాధవి నవ్వి ఫోను పెట్టేసింది. తొమ్మిది నెలలుగా అనలేని మాట అనడానికి ఇప్పుడు ధైర్యమొచ్చింది.

“అత్తా, మామను ఆ పొద్దు అడిగినానని బాధపడాకు. అడిగితే పడేది ఈ మిషనే. మనిషి పడడు.”

“నేను గడప మీద అడగలేదు మాధవీ. మలుపు తిరిగినాక ఫోన్ చేసినా.”

“ఏమన్నాడు మామ?”

వనజమ్మ అలమర వైపు చూసింది.

“ఆడ మోగింది. ఫోను ఇంట్లోనే మర్చిపోయి పోయినాడు.”

ఎక్కడికని ఆమె ఆయన్ను ఇంకా అడగనే లేదు.