కప్పలు ఊరుకున్న దారి

పాత చెరువును పూడ్చి కట్టిన వీధిని, అది వరదలో మునిగాక తవ్వేసి మళ్లీ చెరువు చేశారు. రాయచూరులోని ఆ పేటలోకి ఈ వానకు చుక్క నీరు రాలేదు. చెరువు నిండింది, కొంగలు దిగాయి, రాత్రయితే కప్పల గోలకు చెవులు చిల్లులు పడుతున్నాయి.

"మొత్తుకోనీ బిడ్డా. అవి ఊకుంటెనే భయం," అంది మంచంలోంచి అత్త శరణమ్మ. కాసేపటికి కునుకు తీసింది.

కోడలు సుమంగళ కిటికీ వేయబోయి ఆగింది. అవతలి గట్టున ఒకచోట కప్పలు ఊరుకున్నాయి. అటూ ఇటూ అరుస్తూనే ఉన్నాయి. నడుమ మాత్రం, మనిషి నడిచేంత వెడల్పున, నిశ్శబ్దం నీళ్ల మీదుగా ఇటే వస్తోంది. ఒకప్పుడు పిండిగిర్ని ఉన్నచోట అది ఎడమకు తిరిగింది.

పాత వీధి అక్కడే మలుపు తిరిగేది. వరదొచ్చిన రాత్రి మామ యంకప్ప దుకాణం మూసి ఆ దారినే ఇంటికి బయల్దేరాడు. మనిషీ రాలేదు, శవమూ దొరకలేదు.

నిశ్శబ్దం గట్టెక్కింది. గల్లీలో కీచురాళ్లు ఆగిపోయాయి. ఇక పెరట్లో, కాళ్లు కడుక్కునే తొట్టి దగ్గర, ఒక్క కప్పే అరుస్తోంది.

"ఆగకే... అరుస్తనే ఉండు," అని గొణిగింది సుమంగళ.

అదీ ఆగింది.

తొట్టిలో చెంబు మునిగిన చప్పుడు. ఆ వెంటనే, బండ మీద నీళ్లు పడుతున్న చప్పుడు.

శరణమ్మ కళ్లు తెరవకుండానే, మునుపు రోజూ అన్నట్టే అంది: "మీ మామకు తువ్వాల ఇయ్యి, బిడ్డా."