తిన్నవా అన్నా?

గద్వాలలో తిమ్మప్పకు తెలియని మనుషులు చాలామందే ఉన్నారు గానీ, తిమ్మప్ప పలకరించని మనుషులు లేరు. పొద్దుగూకాక బట్టల దుకాణం మూసి ఇంటికి నడుస్తూ, ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా "తిన్నవా అన్నా?" అంటాడు. తినలేదంటే చాలు, "రా, మా ఇంట్ల తిందువు" అంటాడు. వాళ్లు నవ్వి తమ దారిన పోతారు. పిలవడం మర్యాద, రాకపోవడం అంతకన్నా మర్యాద.

ఆ రోజు కరెంటు పోయింది. కోట గోడ పక్కన ఎవరో ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. తిమ్మప్ప అలవాటుగా అడిగాడు.

"తినలే. పిలిచెటోళ్లు లేకుంటె యాడ తినాలె?" అన్నాడాయన.

"గదేం మాట పెద్దయ్యా. రా, మా ఇంట్ల తిందువు."

ముసలాయన నవ్వలేదు. "సరే" అన్నాడు.

కొంతదూరం పోయి తిమ్మప్ప వెనక్కి చూశాడు. ఆయన కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మర్యాద తెలిసిన మనిషే అనుకుని, ఈల వేసుకుంటూ దగ్గరిదారని అడ్డసందులో పడి ఇల్లు చేరాడు.

భార్య సవారమ్మ దీపం పట్టుకుని గడపలోనే ఎదురొచ్చింది.

"చుట్టాన్ని ముందుగాల పంపి నువ్వు గింత నిమ్మళంగ వస్తవా? పాపం, ఆకలిమీదున్నడు పెద్దమనిషి. కాళ్లు కడుక్కుంటుండు."

చీకట్లో పెరటివైపు నుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. తిమ్మప్ప ఈల ఆగింది. కాసేపటికి ఆ చప్పుడూ ఆగింది.

"ఇయ్యాల మీ ఇంట్ల తింట తిమ్మప్పా," అంది చల్లగా, కోట గోడ పక్కన విన్న ఆ గొంతు. "రేపు నువ్వు మా ఇంట్ల తిందువు."