ముగ్గు లేని గుమ్మం

కట్టబోయే బిల్డింగుకు ముందు బొమ్మ గీయడం పాత సంగతి. ఇప్పుడు కట్టేశాక కూడా బిల్డింగు ఆ బొమ్మలాగే ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా కెమెరా ఈల వేస్తుంది.

కాకినాడలో అలాంటి బొమ్మలకు కళ తెప్పించడం వకుళ ఉద్యోగం. తానుండే అపార్టుమెంటు బొమ్మ కూడా ఆమెదే. ఉత్త గోడలు బోసిగా ఉన్నాయని అందులో ప్రతి గుమ్మం ముందూ ఒక ముగ్గు వేసింది. కొన్నవాళ్లు మురిసిపోయారు.

ఒక రోజు పొద్దున్న కింది ఫ్లాటులో వరహాలమ్మగారి భర్త పోయారు. గుమ్మం ముందు ముగ్గు లేదు. ఈల మొదలైంది.

వాచ్‌మన్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "బొమ్మలో ముగ్గుందండి. చిన్నదొకటి పెట్టేత్తే ఆగిపోద్దండి."

వరహాలమ్మ ఏడుపు ఆపి చూసింది. "చావింటి ముందు ముగ్గేంటి నాయనా?"

అక్కడే ఉన్న వకుళకు తల కొట్టేసినట్టయింది. బొమ్మలో ఎండా వానా అన్నీ పెట్టింది గానీ, ఇళ్లలో మనుషులు పోతారన్నది తట్టనే లేదు. పరుగున పైన తన ఫ్లాటుకు వెళ్లి బొమ్మలో ఆ ముగ్గు చెరిపింది. పలకరింపుకొచ్చినవాళ్ల చెప్పులన్నీ గుమ్మం పక్కన గీసింది. వాటి మధ్య పోయినాయన పాత జత కూడా ఉంది. ఈల ఆగింది.

మైల తీరాక వరహాలమ్మే పైకొచ్చింది.

"ముగ్గు మళ్లీ వేసెయ్యమ్మా. మీ బాబాయిగారి చెప్పులు మాత్రం చెరపకు. బొమ్మలో ఉంటే ఇంక వాటిని గుమ్మం దగ్గర్నించి ఎవరూ తీయించలేరు."