గద్దవీరుడి గుద్దు

“ముంగిసత్తని భోజనాల బంతిలోంచి లేపేయండి!” కుక్కల అరుపు వీధి చివరిదాకా వినబడింది.

మూతపడ్డ వీడియోగేముల కొట్లో తెర తనంతట తనే వెలుగుతుంది. వీధి జంతువులన్నీ రోజూ అక్కడ చేరి, తెరమీది ఆటలో రాక్షసుడితో గద్దవీరుడి పోరు చూశాకే భోంచేస్తాయి. ఇవాళ ముంగిసత్త ఉన్నమాట అనేసింది మరి: “గుద్దు తగలకముందే రాక్షసుడు పడిపోతున్నాడర్రా.”

“అంత తెలిస్తే నువ్వే ఓ ఆట తయారుచెయ్యి,” అంది నల్లకుక్క. “లేదా తిండి వేరేచోట చూసుకో.”

ఆకలిమీదున్న ముంగిసత్త తన ఆకు మడుచుకుని లేవబోయింది.

అంతలో తెరమీద పోరు ఆగింది. గద్దవీరుడు మెల్లగా ఇటు తిరిగాడు. “నిజమే. ఈ పిడికిలి ఇంతవరకూ ఎవరికీ తగల్లేదు. ఎలా కొట్టాలో చూపించత్తా.”

ఆవిడ కాళ్ళు నేలకి ఆనించి, నడుం తిప్పి చూపించింది. గద్దవీరుడు అలాగే గుద్దాడు. గోడలు అదిరాయి. రాక్షసుడు మొదటిసారి “అమ్మా” అని మూలిగాడు. నల్లకుక్క ముంగిసత్త ఆకుని మళ్ళీ బంతిలో పరిచింది.

“పాపం, వాడికీ ఓ ఆకు వెయ్యండి,” అంది ముంగిసత్త. దవడ పట్టుకుని తెరలోంచి దిగొచ్చిన రాక్షసుడికి చోటిచ్చి, అందరూ తిండికి కూర్చున్నారు.